రేవు వేలంపాట సరే, రక్షణ ఏదీ?

అయ్యా,

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా కాలువలు చేలకు నీరివ్వడమే కాక, లాకుల (నీటిమట్టం మార్చి పడవలను దాటించే తలుపుల) మీదుగా సాగే ధాన్యపు పడవలకూ బాటలయ్యాయి. రోడ్లు వచ్చి ఆ రవాణా కనుమరుగైనా, వంతెన లేని కోనసీమ లంకల్లో (గోదావరి నడుమ దీవుల్లో) పాల క్యాన్లను, అరటి గెలలను, పశుగ్రాసాన్ని, బడి పిల్లలను అవతలి గట్టుకు చేర్చేది నేటికీ నాటు పడవే. మా రేవులో పడవ నడిపే పెద్దాయన తెల్లవారకముందే అడుగున ఊరిన నీటిని డబ్బాతో తోడిపోసి, గెడ వేసి, వడి ఎక్కువున్న చోట పడవను ఎగువకు మళ్లించి ఏటవాలుగా రేవుకు చేరుస్తాడు. (ఆ నేర్పుకు సర్టిఫికెట్టు ఎవరిస్తారో!) అయితే వరద రోజుల్లో అదే పడవలో మోటారు సైకిళ్లతో సహా కిక్కిరిసిన జనానికి ఒక్క లైఫ్ జాకెట్టూ ఉండదు. ఏటా పడవ నడిపే హక్కుకు రేవు వేలంపాట పెట్టి సొమ్ము తీసుకునేవారు అందులో కొంత జాకెట్లకు, కోతకు గురైన రేవు మెట్లకు వెచ్చించాలని, బరువు హద్దును పడవ పక్కపలక మీద రంగుతో గీయించాలని కోరుతున్నాను.

– ఒక లంక రైతు, కోనసీమ