పోర్టు సరే, చిలకలపూడి సంగతేంటి?

ఎడిటర్ గారికి నమస్కారం,

బందరు పోర్టు మీద మీ పేపర్లో ఈమధ్య ఏదో ఒకటి వస్తూనే ఉంది, సంతోషమే, కానీ పోర్టు వస్తే తప్ప ఈ ఊరికి వ్యాపారమే తెలీదన్నట్టు రాస్తుంటే మాత్రం ఒళ్ళు మండుతుందండీ. 1611లో ఇంగ్లీషు కంపెనీ వాళ్ళు ఇక్కడ దిగింది దేనికి, మా అద్దకం బట్టల కోసం కాదా? 1864 ఉప్పెనలో 30 వేల మంది దాకా పోయారు, రేవు మళ్ళీ తేరుకోలేదు, అయినా చేతిలో పని పోలేదు, పక్కనున్న పెడనలో ఇవాళ్టికీ కరక్కాయ నీళ్ళలో నానబెట్టిన గుడ్డ మీద టేకు అచ్చు పెట్టి గుద్దుతూనే ఉన్నారు. పట్టాభి సీతారామయ్య గారు 1923లో లక్ష రూపాయలతో ఆంధ్రా బ్యాంక్ మొదలెట్టింది కూడా ఈ ఊళ్ళోనే (2020లో యూనియన్ బ్యాంకులో కలిపేశారు, పేరు కూడా మిగల్లేదు, అదో ఏడుపు).

ఇక బందర్లోనే ఉన్న మా చిలకలపూడి రోల్డ్ గోల్డ్, అంటే బంగారు పూత నగల పని. ఒక జత గాజులు ఒక్క ఇంట్లో తయారవ్వవు, ఒకళ్ళు తీగ లాగితే ఒకళ్ళు అచ్చు కొడతారు, టంకం ఇంకోచోట, పూత ఇంకోచోట. మా పిన్ని మధ్యాహ్నం వంట కాగానే గుమ్మంలో కూర్చుని రాళ్ళు అతికేది, డజనుకింత అని లెక్క, పక్కన మేం హోంవర్కు. ఆ వీధిలో పెరిగినోడికి కూలీ ఎంత, సరుకు అప్పు మీద ఇస్తే డబ్బులు ఎన్నాళ్ళకొస్తాయి, ఎవర్ని నమ్మొచ్చు అనేది టెన్త్ పాసయ్యేలోపే తెలిసిపోతుంది. ఏ ట్రైనింగ్ సెంటర్లో నేర్పుతారండీ ఇది?

మా తమ్ముడు పోయినేడు నగలకి అచ్చు కొట్టే డై మెషిన్ కొందామని ఒక బ్యాంకుకెళ్ళాడు. ఇల్లే వర్క్‌షాపు, అద్దె అగ్రిమెంట్ లేదు, బోర్డు లేదు, దాంతో ఫైలు వెనక్కొచ్చింది. మేనేజర్ని అనడానికేం లేదు, ఆయన ఫారంలో ఇలాంటోళ్ళకి గడే లేదు. చివరికి బయట రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకున్నాడు. బ్యాంకు పుట్టిన ఊళ్ళో!

పోర్టు పక్కన ఇండస్ట్రియల్ పార్కులు పెట్టి బయట కంపెనీల్ని పిలుస్తామంటున్నారు, పిలవండి, వద్దనట్లేదు. దాంతోపాటు జాబ్‌వర్క్ పుస్తకం (చేసిచ్చిన పని, కూలీ రాసుకునేది), కరెంటు బిల్లు చూసి ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకి లోన్లు ఇప్పించమని కలెక్టరు గారికి మా మనవి. మీ విలేకరి ఈసారి పోర్టు ఫోటోలకి వచ్చినప్పుడు పాండురంగడి గుడి వైపు సందుల్లోకి కూడా ఒకసారి రమ్మనండి, పొద్దున పది దాటాక అయితే అందరూ పనిలో ఉంటారు.

– ఒక పాఠకుడు, చిలకలపూడి, మచిలీపట్నం