తెలుగు లాగ్‌లు మధ్యలో తెగి అతుక్కుపోతున్నాయి: మీ సిస్‌లాగ్ మాడ్యూల్‌పై ఫిర్యాదు

బెంగళూరు

సాంకేతిక సహాయ విభాగం మేనేజర్ గారికి,

విషయం: మూసేసిన టికెట్‌ను తిరిగి తెరిచి, సిస్‌లాగ్ మాడ్యూల్‌లోని లోపాన్ని సరిచేయడం గురించి.

అయ్యా,

మీ పేమెంట్ అప్లికేషన్ మా సిస్‌లాగ్ సర్వర్‌కు (ప్రోగ్రాముల లాగ్‌లను, అంటే జరిగిన పనుల నమోదులను, ఒకచోట చేర్చే సర్వర్) పంపే లాగ్‌లలో తెలుగు వచ్చిన చోటల్లా సందేశం సగంలో తెగుతోంది. తెగిన ముక్క పోయి తరువాతి సందేశానికి అతుక్కుంటోంది. ఇంగ్లిష్ సందేశాలు మాత్రమే వెళ్తున్నంతసేపు ఏ ఇబ్బందీ లేదు. దీన్ని మీ విభాగం ఫాంట్ సమస్యగా రాసి టికెట్ మూసేసింది. ఫాంట్‌కూ దీనికీ సంబంధం లేదు. లోపం మీ కోడ్‌లోనే ఉంది.

మీ మాడ్యూల్ టీసీపీ (డేటాను వరుస తప్పకుండా చేర్చే నెట్‌వర్క్ పద్ధతి) మీద ఆక్టెట్ కౌంటింగ్, అంటే బైట్లు లెక్కపెట్టే పద్ధతిలో పంపుతోంది. ముందు పొడవు, ఒక స్పేస్, ఆ వెంటనే సందేశం. ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 6587 ప్రకారం ఆ పొడవు బైట్లలో ఉండాలి. మీరు వేస్తున్నది జావా స్ట్రింగ్ లెంగ్త్. అది బైట్లను కాదు, అక్షరాలను, గుర్తులను లెక్కపెడుతుంది. ఇంగ్లిష్ అక్షరానికి ఒక్క బైటే కాబట్టి రెండు లెక్కలూ కలుస్తాయి. తెలుగులో హల్లు, గుణింతం గుర్తు, పొల్లు, సున్నా దేనికదే యూటీఎఫ్-8లో (అక్షరాలను బైట్లుగా మార్చే పద్ధతి) 3 బైట్లు.

టెస్ట్ సర్వర్‌లో టీఎల్‌ఎస్ (ఎన్‌క్రిప్షన్) తీసేసి, నెట్‌వర్క్ డేటాను పట్టి చూపే టీసీపీడంప్‌తో పట్టిన ఒక సందేశం చూడండి. హెడర్ (సందేశం స్థాయి, సమయం వంటి వివరాలుండే మొదటి భాగం) 70 బైట్లు, దాని తరువాత ‘చెల్లింపు విఫలం’. జావా లెక్కలో ఆ రెండు మాటలు 15, బైట్లలో 43. ముందు ఉండాల్సిన సంఖ్య 113, మీరు పంపినది 85. సర్వర్ మీ మాట నమ్మి 85 బైట్లే తీసుకుంది. లాగ్‌లో ‘చెల్ల’ అని పడింది. మిగిలిన 28 బైట్లు, అంటే ‘ింపు విఫలం’, కొత్త సందేశం మొదలన్నట్టు లోపలికి వెళ్లాయి.

అసలు నష్టం ఇక్కడి నుంచే. మా సర్వర్‌లో లాగ్‌లు అందుకునే ప్రోగ్రామ్ ఆర్‌సిస్‌లాగ్. ఫ్రేమ్ (పొడవు అంకెతో కలిపి పంపే ఒక సందేశం) మొదట్లో అంకె కనిపించకపోతే అది లైన్ ఫీడ్ (లైన్ ముగింపు గుర్తు) వచ్చేదాకా ఒకే సందేశం అనుకుంటుంది. మీరు ఫ్రేమ్ చివర లైన్ ఫీడ్ పెట్టరు (ఈ పద్ధతిలో అక్కర్లేదు కూడా). అందువల్ల తరువాతి సందేశాలు వాటి పొడవు అంకెలతో, హెడర్లతో సహా ఆ ముక్క వెనకాలే చేరుతున్నాయి. ఏదైనా స్టాక్ ట్రేస్ (ఎర్రర్ కోడ్‌లో ఎక్కడ వచ్చిందో చూపే అనేక లైన్ల పాఠం) వచ్చి దాని చివరి లైన్ ఫీడ్ తగిలాక గానీ సర్వర్ దారిలో పడదు. సమస్య తనంతట తానే పోయినట్టు మీకు అనిపించింది అందుకే. ఈలోగా <131> హెడర్‌తో వచ్చిన లోకల్0 (సిస్‌లాగ్‌లో ఒక వర్గం) ఎర్రర్ సందేశం, హెడరే లేని ముక్క లోపల మామూలు పాఠంలా ఇరుక్కుంటోంది. ఆ ముక్కకు సర్వర్ యూజర్ నోటీస్ స్థాయి (ఎర్రర్ కన్నా తక్కువ తీవ్రత) ఇస్తుంది. ఎర్రర్ స్థాయి చూసి మోగాల్సిన అలర్ట్ మోగదు. డబ్బు లావాదేవీల సిస్టమ్‌లో దీన్ని చిన్న లోపమని ఎవరూ అనలేరు.

మీ ల్యాబ్‌లో ఇది ఎందుకు కనబడలేదో కూడా చెప్పగలం. మీరిచ్చిన సాఫ్ట్‌వేర్ ఇమేజ్‌లో జావా 17 ఉంది, లొకేల్ (భాష, అక్షర పద్ధతి సెట్టింగ్) సెట్ చేసి లేదు. యూటీఎఫ్-8 డిఫాల్ట్ అయింది జావా 18 నుంచి. అంతకుముందు వెర్షన్లలో లొకేల్ లేకపోతే తెలుగు అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలుగా మారతాయి. ప్రశ్నార్థకం ఒక్క బైటు. లెక్క సరిపోతుంది, సందేశం తెగదు, తెలుగు మాత్రం మాయమవుతుంది. మేం లొకేల్ సరిచేయగానే రెండో లోపం, అంటే పొడవు లెక్క తప్పు, బయటపడింది.

మా వైపు సెట్టింగ్ మార్చుకోమన్న సలహా పనికిరాదు. ఆక్టెట్ కౌంటింగ్ ఆపితే పొడవు అంకె సందేశంలోనే మిగిలిపోతుంది, లైన్ ఫీడ్ లేదు గనుక అన్నీ అతుక్కుంటాయి. టీసీపీ బదులు యూడీపీ (ఒక్కో సందేశాన్ని విడి ప్యాకెట్‌గా పంపే పద్ధతి) వాడితే ఈ సమస్య రాదు, కానీ దారిలో పోయిన ప్యాకెట్ మళ్లీ రాదు. ఆడిట్ లాగ్‌కు అది ఒప్పుకోం. పైగా 6514 పోర్ట్ మీద టీఎల్‌ఎస్‌కు ఆర్‌ఎఫ్‌సీ 5425 ఈ పొడవు లెక్కనే తప్పనిసరి చేసింది.

తేల్చుకోవడానికి తేలిక మార్గం ఉంది. లాగ్ సందేశం పంపే లినక్స్ లాగర్ కమాండ్‌కు టీసీపీ, ఆక్టెట్ కౌంట్ ఆప్షన్లు ఇచ్చి ఇదే వాక్యం ఇదే సర్వర్‌కు పంపండి. చక్కగా పడుతుంది. మీ మాడ్యూల్‌తో పంపండి, తెగుతుంది.

చేయాల్సిన మార్పు కొన్ని లైన్లే. హెడర్‌తో సహా మొత్తం సందేశాన్ని ముందు యూటీఎఫ్-8 బైట్ అరేగా (బైట్ల వరుసగా) మార్చాలి, క్యారెక్టర్ సెట్ పేరు స్పష్టంగా ఇవ్వాలి. ఆ అరే పొడవునే ముందు రాయాలి. పొడవు, స్పేస్, బైట్లు మూడూ ఒకే బఫర్‌లో (తాత్కాలిక మెమరీలో) పెట్టి, లాక్ పట్టుకుని, అంటే ఒకసారి ఒక్కరే రాసేలా, పంపాలి. లేకపోతే ప్రోగ్రామ్‌లో ఒకేసారి నడిచే రెండు థ్రెడ్ల సందేశాలు ఒకే కనెక్షన్‌లో కలగాపులగమవుతాయి.

కాబట్టి ఈ టికెట్‌ను తీవ్ర లోపంగా తిరిగి నమోదు చేసి, సరిచేసిన బిల్డ్ ఏ తేదీకి ఇస్తారో రాతపూర్వకంగా తెలపండి. విడుదలకు ముందు తెలుగు, కన్నడ, ఇమోజీ ఉన్న సందేశాలతో పరీక్షించి, ఆ ఫలితాలు మాకు పంపండి. ఆ బిల్డ్ వచ్చేదాకా లాగ్‌లోకి తెలుగు పాఠం బదులు ఎర్రర్ కోడ్ మాత్రమే వెళ్లేలా తాత్కాలిక ప్యాచ్ ఈ వారంలోనే ఇవ్వండి. ఖాతాదారుల వివరాలు చెరిపేసిన ప్యాకెట్ క్యాప్చర్‌ను ఈ లేఖతో జతచేస్తున్నాం.

ఇట్లు,
సర్వర్ నిర్వహణ బృందం,
వైట్‌ఫీల్డ్, బెంగళూరు