ఆల్ప్స్ అంటే కేబుల్ కార్ ఒక్కటే కాదు

సంపాదకులకు నమస్కారం.

ఆల్ప్స్ గురించి మన పత్రికల్లో వచ్చే యాత్రా వ్యాసాలు చదివినప్పుడల్లా నాకు ఒకటే అసంతృప్తి. ఫ్రాన్స్‌లోని షామొనీ అనే ఊరు వెళ్లడం, కేబుల్ కార్ ఎక్కి ఎగ్వీ దు మిదీ అనే శిఖరం మీద దిగడం, అద్దాల గదిలో నిలబడి ఫొటో తీయించుకోవడం, దిగి వచ్చేయడం, దాదాపు అంతటితో అయిపోతాయి. ఆ కేబుల్ కార్‌ని నేనేమీ తప్పు పట్టడం లేదు. 1955లో మొదలైన ఆ ఏర్పాటు కొండలు ఎక్కలేని ఎంతోమందికి పెద్ద మంచుకొండల్ని దగ్గర నుంచి చూపించింది. కానీ వెయ్యి మీటర్ల ఎత్తున్న ఊళ్లోంచి సుమారు 20 నిమిషాల్లో 3,800 మీటర్లకి చేరిపోతే ఒంటికి అలవాటు పడే టైమే ఉండదు. అక్కడ గాలిలో మనకి అందే ఆక్సిజన్ సముద్రమట్టంలో అందేదాంట్లో మూడింట రెండొంతుల లోపే, అందుకే చాలామందికి తల తిరుగుతుంది, తలనొప్పి వస్తుంది, పైగా జనం. ఆల్ప్స్‌లో చూడాల్సింది ఇంతే అనుకుని పాఠకులు ఆగిపోతే మాత్రం నాకు బాధేస్తుంది.

ఎక్కువ ఎత్తుకి వెళితే ఎక్కువ కనిపిస్తుందని అందరూ అనుకుంటారు. నా అనుభవం వేరు. ఆల్ప్స్‌లో అన్నిటికంటే ఎత్తైన మాంట్ బ్లాంక్‌ని చూడాలంటే మాంట్ బ్లాంక్ ఒళ్లో కూర్చోకూడదు, కాస్త దూరంగా, ఎదురుగా, దానికంటే తక్కువ ఎత్తున్న శిఖరం మీద నిలబడాలి. అప్పుడే కింద అడవి నుంచి పైన మంచు గోపురం దాకా కొండ మొత్తం ఒక్క చూపులో అందుతుంది. ఇందుకు నేను చెప్పే శిఖరం బుయే. షామొనీకి ఉత్తరాన, వల్లోర్సిన్ అనే ఊరి దగ్గర ఉంటుంది, ఎత్తు సుమారు 3,100 మీటర్లు. పైకి రోప్‌వే లేదు, రోడ్డు లేదు, నడిచి వెళ్లాల్సిందే.

దీనికి మంచి చరిత్ర కూడా ఉంది. మాంట్ బ్లాంక్‌ని మొదటిసారి ఎక్కింది 1786లో. అంతకు 16 ఏళ్ల ముందే, 1770లో, జెనీవాకి చెందిన డెలూక్ సోదరులు బుయే ఎక్కారు. ఆ తర్వాత సొస్యూర్ అనే శాస్త్రవేత్త కూడా ఎక్కాడు. పై నుంచి కనిపించే కొండల్ని అతని కోసం బూరీ అనే చిత్రకారుడు గుండ్రంగా గీశాడు, చూసేవాడు మధ్యలో ఉన్నట్టు, చుట్టూ నాలుగు దిక్కులా కొండలు. 1779లో అచ్చయిన ఆ బొమ్మలో ఏ దిక్కు చూడాలంటే ఆ దిక్కుకి కాగితం తిప్పుకోవాలి. ఈ రోజు ఫోన్‌లో పనోరమా తీసే మనకి ఇది మామూలుగా అనిపించొచ్చు గానీ, చుట్టూ ఉన్నదంతా ఒకే కాగితం మీద పెట్టాలన్న కోరిక సొస్యూర్‌కి ఈ కొండ మీదే కలిగిందంటే నాకు ఆశ్చర్యమేమీ లేదు.

దారి సంగతి చెప్తాను. లె బుయే అనే చిన్న రైల్వే స్టాప్ దగ్గర దిగితే నడక అక్కడే మొదలవుతుంది. ముందు అడవి, జలపాతం, తర్వాత బెరార్ లోయ, దాని పైభాగంలో 1,924 మీటర్ల దగ్గర ఒక పెద్ద బండని ఆనుకుని కట్టిన విశ్రాంతి గృహం. చాలామంది అక్కడిదాకా వచ్చి వెనక్కి వెళ్లిపోతారు, నిశ్శబ్దం ఆ తర్వాతే. పైన దారి అని ఒకటి స్పష్టంగా ఉండదు, బండరాళ్ల మధ్య ఎవరో పేర్చి పెట్టిన రాళ్ల గుర్తుల్ని చూసుకుంటూ వెళ్లాలి, చివర్లో నల్లటి పలకరాళ్ల వాలు, అడుగు వేస్తే జారుతుంటుంది, ఓపిక పరీక్షించేది ఇదే. తాళ్లూ పరికరాలూ అక్కర్లేదు గానీ తేలిక అని మాత్రం ఎవరూ రాయకూడదు. మొత్తం 1,700 మీటర్లకి పైగా ఎక్కాలి. గంటకి 300 మీటర్లు ఎక్కేవాళ్లకి ఎక్కడానికే ఆరు గంటలు, దిగేటప్పుడు మోకాళ్ల పని వేరే. ఒక్క రోజులో కష్టం అనిపిస్తే ఆ విశ్రాంతి గృహంలో ముందే బుక్ చేసుకుని రాత్రి ఉండి తెల్లవారుజామున బయల్దేరడం నయం.

టైమ్ గురించి గట్టిగా చెప్పాలి. ఎండాకాలంలో ఆల్ప్స్‌లో పొద్దున్నే ఆకాశం శుభ్రంగా ఉండి, ఎండ వల్ల లోయల్లో వేడెక్కిన గాలి పైకి లేచి, మధ్యాహ్నానికి మబ్బులై, సాయంత్రానికి పిడుగులు పడటం చాలా మామూలు. ఆలస్యంగా బయల్దేరినవాడికి ప్రాణం మీద టెన్షన్ ఒకటి, అంత కష్టపడి ఎక్కాక చుట్టూ తెల్లటి పొగ తప్ప ఏమీ కనిపించకపోవడం ఇంకొకటి. బుయే పైభాగం విశాలంగా ఉంటుంది కాబట్టి మబ్బు కమ్మితే ఎటు దిగాలో తెలియదు. జులై మొదట్లో కూడా పాత మంచు గట్టిగా ఉండొచ్చు. నన్నడిగితే సెప్టెంబర్ మొదట్లో, శని ఆదివారాలు కాకుండా వెళ్లమంటాను. జనం తగ్గుతారు, పిడుగులూ తగ్గుతాయి, కాకపోతే పగలు చిన్నదవుతుంది. ప్రతి వెయ్యి మీటర్లకి ఆరేడు డిగ్రీలు తగ్గుతుంది కాబట్టి కింద చెమటలు పట్టినా పైన గాలికి వణుకుతాం, జాకెట్ బ్యాగులో ఉండాల్సిందే.

నా మనవి ఒక్కటే. ఇలాంటి శిఖరాల గురించి కూడా రాయించండి. రాసినప్పుడు ఫొటో కింద పేరు, ఎత్తు వేసి ఊరుకోకుండా, ఎన్ని మీటర్లు ఎక్కాలి, ఎన్ని గంటలు పడుతుంది, ఏ నెలల్లో వెళ్లొచ్చు, ఎక్కడ వెనక్కి తిరగడం మంచిది అన్నవి కూడా వేయండి. యూరప్‌లో ఆపద నంబర్ 112 అని, ఫోన్ సిగ్నల్ లేకపోతే నిమిషానికి ఆరుసార్లు విజిల్ వేసి, ఒక నిమిషం ఆగి, మళ్లీ అలాగే వేయడం ఆల్ప్స్‌లో సాయం అడిగే పద్ధతి అని ఒక బాక్స్ కట్టి వేస్తే, పత్రికలో పట్టే చోటు నాలుగు లైన్లే.

ఇట్లు,
మీ పాఠకుడు