చంటోడి గుటకల లెక్క

చిట్టితల్లీ,

"కప్పు కనపడితే చాలు మొహం తిప్పేసుకుంటున్నాడమ్మా, రోజంతా కలిపినా నాలుగు చెంచాల నీళ్లు దిగడం లేదు" అన్నావు. ఆ నాలుగు చెంచాల సంగతి కాసేపు పక్కన పెట్టు. వాడి ఒంట్లోకి మొత్తం ఎంత నీరు వెళ్తోందో ముందు చూద్దాం.

వాడికి ఎనిమిదో నెల, బరువు ఎనిమిది కిలోలు. ఏడు నుంచి పన్నెండు నెలల పిల్లలకి రోజు మొత్తానికి సుమారు 800 మి.లీ. నీరు చాలు. పాలలో ఉండే నీరూ, తిండిలో ఉండే నీరూ అన్నీ అందులోనే లెక్క. నీ పాలూ సీసా పాలూ కలిపి 600 మి.లీ. తాగాడనుకో, అందులో 520 దాకా నీరే. రెండు పూటలూ కలిపి మెత్తటి ముద్ద 200 గ్రాములు తింటే దాన్లో ఇంకో 150. ఇక మిగిలేది 130. అంటే అయిదు మి.లీ. చెంచాతో 26 చెంచాలు, అదీ పొద్దుట్నించి రాత్రి దాకా. పాలు బాగా తాగిన రోజున అదీ అక్కర్లేదు. పాలు తగ్గిన రోజున మాత్రం ముందు పెంచాల్సింది పాలే, నీళ్లు కాదు. నీళ్లతో పొట్ట నిండితే దాహం తీరుతుంది గానీ పెరగడానికి కావాల్సింది అందదు.

"నా పాలు ఎంత తాగాడో ఎలా తెలుస్తుంది?" అంటావు. లోపలికి వెళ్లేది తెలియకపోతే బయటికి వచ్చేది తూయి. వంటింటి డిజిటల్ తూకం చాలు, దాని మీద ప్లాస్టిక్ కవరు పరుచుకో. పొడి డైపర్ 28 గ్రాములుండి, విప్పినప్పుడు 90 ఉంటే తేడా 62. గ్రాముకి ఒక మి.లీ. వేసుకోవచ్చు. కిలో బరువుకి గంటకి 1 మి.లీ. కంటే తగ్గకూడదు కాబట్టి ఎనిమిది కిలోలవాడికి 24 గంటల్లో 190కి పైన రావాలి. విరేచనం కలిసిన డైపర్‌ని ఈ లెక్కలో వేయకు. ఒక్క రోజు తూస్తే చాలు. రోజూ తూస్తూ కూర్చుంటే నీకే పిచ్చెక్కుతుంది. డైపర్ని చేత్తో తడిమి చూస్తే మాత్రం తెలియదు. ఇప్పటి డైపర్లు తడి పైకి తేలనివ్వవు, 40 మి.లీ. పీల్చుకున్నది కూడా పొడిగానే తగులుతుంది. తూకం లేని రోజుల్లో రోజుకి ఆరు తడి డైపర్లు గుర్తు పెట్టుకో. రంగు లేత పసుపు అయితే మంచిదే. ముదురు పసుపుగా ఉండి ఘాటుగా వాసన వస్తున్నా, ఇటుకపొడి రాలినట్టు మరక కనపడినా నీరు తక్కువైందనే. పుట్టిన మొదటి రెండు మూడు రోజుల్లో ఆ మరక మామూలే గానీ, ఈ వయసులో కాదు.

మీ ఆడపడుచు పాపకి నాలుగో నెల కదా, ఆ అమ్మాయికి ఒక్క మాట చెప్పు. ఆరు నెలలు నిండే దాకా పాలు తప్ప చుక్క నీళ్లు వద్దు, ఎండాకాలమైనా సరే. అంత చిన్న పిల్లల మూత్రపిండాలు అదనపు నీటిని గబగబా బయటికి పంపలేవు. రక్తంలో సోడియం, అంటే ఉప్పు, పడిపోయి ఫిట్స్ రావచ్చు. పాలపొడిని పలచగా కలపడమూ అలాంటిదే. డబ్బా మీద ఎంత నీటికి ఎన్ని చెంచాలని ఉంటే అంతే కలపాలి.

ఇక వాడు ఎందుకు మొరాయిస్తున్నాడో చూడు. నాలుగు గుటకలు వేసి వదిలేసి ఏడిస్తే ముందు ముక్కు చూడు. నోట్లో పాలు ఉండగా వాడు ముక్కుతోనే గాలి పీల్చుకోవాలి. పాలు పట్టడానికి పది నిమిషాల ముందు ఒక్కో ముక్కు రంధ్రంలో రెండు చుక్కల సెలైన్ (ముక్కులో వేసే ఉప్పునీటి మందు) వేస్తే సగం గొడవలు తీరతాయి. పడుకోబెట్టి పట్టినప్పుడే కెవ్వుమంటే చెవి నొప్పి అనుమానించు. నాలుక మీద తెల్లటి పూత తుడిస్తే పోతే అది పాలు, పోకపోతే డాక్టరుకి చూపించాలి. సీసా అయితే బోర్లించి చూడు. సెకనుకి ఒక చుక్క చొప్పున పడాలి. ధారగా కారితే పొలమారి, భయపడి వదిలేస్తాడు. నిపుల్ లోపలికి అతుక్కుపోతుంటే లాగి లాగి అలసిపోతున్నాడన్నమాట. నువ్వు పిండి దాచిన నీ పాలు సబ్బు వాసన వేస్తే చెడిపోయాయని అనుకోకు. పాలలోని లైపేజ్ అనే ఎంజైమ్ కొవ్వును విడగొట్టడం వల్ల ఆ వాసన వస్తుంది. తాగితే ఏమీ కాదు గానీ కొందరు పిల్లలకి ఆ రుచి పడదు.

ఇవేవీ కాకపోతే అసలు కారణం మనమే అయి ఉంటాం. ఒకరు తల పట్టుకుని ఇంకొకరు పోసే పద్ధతి మీ ఇంట్లో ఉంటే ఇవాళే ఆపేయండి, అల్లుడుగారికీ చెప్పు. అలా దిగేది పది మి.లీ., మర్నాడు కప్పు చూడగానే వాడు నోరు బిగించేస్తాడు. ఆ కప్పుని మూడు రోజులు దాచేసి వేరే రంగుది తీయి. రెండుసార్లు మొహం తిప్పాడంటే ఆ పూటకి అయిపోయినట్టే. అరగంట ఆగి మళ్లీ చూడు.

కప్పు పట్టే తీరు చెప్తాను, చాలామంది తప్పు చేసేది ఇక్కడే. 50 మి.లీ. పట్టే చిన్న కప్పు తీసుకో. అడుగున రెండు చెంచాల నీళ్లు పోసి పడతారు, అదే తప్పు. నీళ్లు అడుగున ఉంటే కప్పుని బాగా వంచాలి, అంచు ముక్కుకి తగులుతుంది, నీళ్లన్నీ ఒక్కసారిగా నోట్లో పడి పొలమారుతుంది. మూడొంతుల్లో రెండొంతులు నింపితే కొంచెం వంచినా చాలు. వాడిని నిటారుగా కూర్చోబెట్టు, గడ్డం కాస్త కిందికి ఉండాలి, వెనక్కి వాలకూడదు. అంచు కింది పెదవి మీద ఆనించు, నాలుకని నొక్కకు. నీరు పెదవిని తాకే దాకా వంచి ఆపేయి, పోయకు. అయిదు లెక్కపెట్టు. ముందు నాలుక బయటికొచ్చి నాకుతుంది, ఆ తరవాత పై పెదవి దిగుతుంది. ఒక్క గుటక వేయగానే కప్పు దించు. ఇన్నాళ్లూ నాలుకకి తెలిసింది చప్పరించడమే, నీటిని ఒక చోట ఆపి మింగడం దానికి కొత్త పని. మొదటి వారం సగం నీళ్లు గడ్డం మీదుగా కారిపోతాయి, మెడ కింద గుడ్డ వేసి ఊరుకో.

కప్పు ఎంతకీ పడకపోతే స్ట్రా. మెత్తటిది, పొట్టిగా కత్తిరించు. రెండు సెంటీమీటర్లు నీటిలో ముంచి, పైకొస వేలితో మూసి బయటికి తీయి. కింది కొస వాడి పెదవుల మధ్య పెట్టు. పెదవులు మూయగానే వేలెత్తితే నాలుగు చుక్కలు పడతాయి. రోజుకి అయిదారుసార్లు ఇలా చేస్తుంటే కొద్ది రోజుల్లో తనే లాగడం పట్టుకుంటాడు. ఒలకని మూత కప్పుల్లో రబ్బరు వాల్వు ఉంటుంది, దాన్ని తీసేయి. అది ఉంటే గట్టిగా పీలిస్తే తప్ప రాదు, చాలామంది పిల్లలు అలిగేది దాని మీదే.

నీళ్లు తిండితోపాటు ఇవ్వు, పాలకి ముందు వద్దు. ముద్దలో ప్రతి పూటా రెండు చెంచాల పాలో నీళ్లో కలిపి పలచన చేస్తే రోజుకి 20 మి.లీ. తెలియకుండానే దిగిపోతుంది. ఆటల ధ్యాసలో పాలు వదిలేస్తుంటే చీకటి గదిలో, నిద్రమత్తులో పట్టు. ఏడాది నిండే దాకా పళ్లరసం, తేనె వద్దు, ఆవుపాలు తాగించవద్దు.

విరేచనాలు పట్టుకున్న రోజు లెక్క వేరు. ఓఆర్ఎస్ పొట్లం మీద ఎంత నీరని రాసి ఉందో అంతలోనే మొత్తం పొట్లం కలుపు. సగం పొట్లం, సగం నీళ్లు అని కొలతలు వేయకు, చక్కెర కలపకు. 24 గంటలు దాటితే పారబోయి. ప్రతి నీళ్ల విరేచనానికీ 50 నుంచి 100 మి.లీ. ఇవ్వాలి. పాలు ఆపకూడదు. నీరసించిపోతే డాక్టర్లు కిలోకి 75 మి.లీ. చొప్పున నాలుగు గంటల్లో పట్టమంటారు. వాడి బరువుకి అది 600 మి.లీ. వినగానే గుండె జారిపోతుంది గానీ, రెండు నిమిషాలకి ఒక చెంచా వేస్తే గంటకి 150, నాలుగు గంటలకి సరిగ్గా 600. గడియారం ఎదురుగా పెట్టుకో. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, ఇంకా మెల్లగా మళ్లీ మొదలుపెట్టు. చెంచా ఒప్పుకోకపోతే సిరంజితో ఒక్కో మి.లీ. చొప్పున బుగ్గ లోపలి వైపు వదులు, గొంతులోకి కాదు. మామూలు రోజుల్లో సిరంజి తీయకు, దానిమీద బెదురు పుడితే మందు వేయాల్సిన రోజున కష్టం.

ఎనిమిది గంటలు డైపర్ తడవకపోయినా, నిమ్మళంగా కూర్చున్నప్పుడు కూడా మాడు గుంట పడి కనిపించినా, ఏడిస్తే కన్నీళ్లు రాకపోయినా, లేపితే సరిగా లేవకపోయినా, వాంతి ఆకుపచ్చగా వచ్చినా, విరేచనంలో రక్తం కనిపించినా, ఈ చెంచాల లెక్కలన్నీ వదిలేసి నేరుగా ఆసుపత్రికి వెళ్లండి. వేళ కాని వేళైనా సరే.

రేపు పొద్దున్న మొదటి డైపర్ నుంచి తూకం మొదలుపెట్టు, ఎల్లుండి పొద్దుటికి వచ్చిన అంకె నాకు చెప్పు.

అమ్మ