స్వాగత ఫలకాలపై ఉన్నది ఒంగోలు గిత్తేనా?

సంపాదకుల వారికి,

ప్రకాశం జిల్లా సరిహద్దుల్లో జాతీయ రహదారి పక్కన కొత్తగా నిలిపిన స్వాగత ఫలకాలను మెచ్చుకుంటూ గత వారం మీ పత్రికలో వచ్చిన వార్త చదివాను. గ్రాఫిక్ డిజైన్ వృత్తిలో ఉన్నవాడిగా వాటిని దగ్గర నుంచి చూశాక ఆ మెప్పుతో ఏకీభవించలేకపోతున్నాను.

ఫలకం మీద గీసింది ఒంగోలు గిత్త కానే కాదు. పైకి లేచి వంపు తిరిగిన ఆ పొడవాటి కొమ్ములు గుజరాత్‌లోని కాంక్రేజ్ జాతివి. మన గిత్త కొమ్ములు పొట్టిగా, మొదట్లో లావుగా ఉండి పక్కలకు, వెనక్కు పెరుగుతాయి. నుదురు విశాలంగా, మూపురం నిటారుగా ఉంటుంది. గంగడోలు మడతలు మడతలుగా వేలాడుతుంది. తోక కుచ్చు నల్లగా ఉంటుంది. బ్రెజిల్ దేశం నెలోర్ పేరుతో పెంచుకుంటున్న పశుసంపదకు మూలమైన జాతిని దాని సొంత గడ్డ మీదే గుర్తుపట్టలేని విధంగా గీయడం ఎంత బాధాకరం!

గీసిన తీరు కూడా అలాగే ఉంది. వెక్టర్ బొమ్మలో గీతలు గణిత సూత్రాల మీద నడుస్తాయి కనుక విజిటింగ్ కార్డు నుంచి హోర్డింగు దాకా ఎంత పెంచినా అంచు చెదరదు. కానీ ఎక్కడో దొరికిన చిన్న జేపీజీని (చుక్కలతో ఏర్పడే ఫొటో ఫైలును) ఆటో ట్రేస్ చేస్తే, అంటే సాఫ్ట్‌వేర్ చేతే వెక్టర్ గీతలుగా మార్పిస్తే, గీతల వంపును నిర్ణయించే పాయింట్లు అవసరం లేకపోయినా వందల్లో పుట్టుకొస్తాయి; ఫలకం మీద మూపురం అంచు రంపపు పళ్లలా కనిపించడానికి కారణం అదే. వంపు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చూసి చేత్తో గీస్తే కొద్ది పాయింట్లతోనే ఆ మూపురం నిండుగా వచ్చేది.

ఇక అక్షరాల సంగతి. టంగుటూరి ప్రకాశం పంతులు గారి స్మారకంగా 1972లో జిల్లాకు పెట్టుకున్న పేరు అక్కడ 'ప్‌రకాశం' అని విరిగిపోయి ఉంది. తెలుగు ఒత్తులను కలపడం తెలియని సాఫ్ట్‌వేర్‌లో టైపు చేసి, ఒక్కసారైనా చదవకుండా అచ్చుకు పంపారన్నమాట. అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్లలో వాడే ఉమ్మడి సంకేత పద్ధతి అయిన యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉంది. పెద్దన, తిమ్మన, ధూర్జటి, రామభద్ర, గిడుగు వంటి ఫాంట్లు గూగుల్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. అవేవీ చూడకుండా ఒక సన్నటి ఫాంటును అడ్డంగా సాగదీశారు. ఒత్తులకు కింద, గుడి దీర్ఘాలకు పైన చోటు వదలకపోవడంతో రెండు వరుసలు ఒకదానికొకటి తగులుకుంటున్నాయి. వాహనంలో వెళ్లేవారికి అందులో ఒక్క ముక్కా అర్థం కాదు.

తక్కువ ధర కోట్ చేసినవారికి పని అప్పగించి, ప్రూఫు చూడకుండా సంతకం పెట్టి, ప్రారంభోత్సవం రోజున ఫొటో దిగడంతో బాధ్యత తీరిందనుకోవడం ఈ ఒక్క పనికే పరిమితం కాలేదు. కార్యాలయాల బోర్డులు, బస్టాండు సూచికలు, పథకాల ఫ్లెక్సీలు అన్నింటిలో ఇదే తంతు. కుంచెతో గుండ్రటి తెలుగు రాసిన పెయింటర్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు, వారిని అడిగే నాథుడే లేడు.

ఈ ఫలకాలను వెంటనే తొలగించాలి. చదలవాడ పశుక్షేత్రంలోని గిత్తలను స్వయంగా చూసి గీయగల చిత్రకారుడి చేత కొత్త బొమ్మ వేయించి, దాని వెక్టర్ ఫైలును జిల్లా వెబ్‌సైటులో అందరికీ అందుబాటులో ఉంచాలని సంబంధిత అధికారులను కోరుతున్నాను.

— ఒక గ్రాఫిక్ డిజైనర్, ఒంగోలు