వార్డెన్ హాజరు పిలిచేచోట నవ్వు తీసెయ్యకు

చిక్కడపల్లి, హైదరాబాద్
ఆదివారం రాత్రి

బిడ్డా,

నువ్వు రాస్తున్న దెయ్యం కథలో పంపిన 40 పేజీలూ చదివాను. రెండుసార్లు. మొదటిసారి మీ నాన్న పడుకున్నాక వంటింట్లో కూర్చుని చదివాను. అమీర్‌పేట హాస్టల్లో రాత్రి పదింటికి, ఎప్పుడో చనిపోయిన వార్డెన్ వచ్చి హాజరు పిలుస్తుంది చూడు, అక్కడ ఆగిపోయాను. గదిలో ఉన్నది 17 మంది. ఆమె 18వ పేరు పిలిచింది. గోడవైపు నుంచి "ప్రెజెంట్ మేడం" అని వినబడింది. నేను లేచి పెరటి తలుపు గడియ పెట్టి వచ్చాను. వచ్చి కూర్చుని కింది వాక్యం చదివితే, దుప్పటి లోపలి నుంచి ఒక పిల్ల గుసగుసగా అడుగుతోంది: "ఎవరే ప్రాక్సీ చెప్పింది?" నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాను.

భయం, నవ్వు ఒక కథలో ఇమడవని మీ లెక్చరర్ అన్నారని, నవ్వు తీసేస్తానని రాశావు. తీసెయ్యకు. ఈ ఉత్తరం అందుకే.

ఆయన ఊరికే అనలేదు. సాహిత్యదర్పణం అనే సంస్కృత కావ్యశాస్త్ర గ్రంథం రాసిన విశ్వనాథుడు 14వ శతాబ్దంలోనే హాస్యానికి భయానకం, కరుణ రెండూ విరోధులని చెప్పాడు. కానీ అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందు భరతుడు నాట్యశాస్త్రం ఆరో అధ్యాయంలో ఒక్కో రసానికి ఒక్కో రంగును, ఒక్కో దేవతను పెట్టాడు. భయానకం నలుపు, దానికి కాలుడు. హాస్యం తెలుపు. దాని దేవత ఎవరో తెలుసా? ప్రమథులు. శివుడి వెంట తిరిగే భూతగణాలు! నవ్వును తీసుకెళ్లి భూతాల చేతిలో పెట్టిన మనిషికి ఆ రెంటి చుట్టరికం తెలియదంటే నేను నమ్మను.

నా చిన్నతనంలో ఊళ్లో తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసేవారు. రాత్రిపూట తలుపు కొట్టే ఆడదెయ్యం అది చదివి వెనక్కి పోతుందని. మా తలుపు మీద సుద్దముక్కతో రాసింది నేనే. "దానికి చదువు రాకపోతే ఎట్లమ్మా?" అని అడిగాను. అమ్మమ్మ చేటలో బియ్యం చెరుగుతూ, తల ఎత్తకుండానే, "అయితే నువ్వే చదివి చెప్పు" అంది. వాకిట్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. ఆ రాత్రి ఒక్కరూ తలుపు తియ్యలేదు.

ఇంకొకటి చెప్పాలి. ఇది ఎవరికీ చెప్పలేదు.

మీ తాత, అంటే మా నాయిన, పోయినప్పుడు నాకు పదహారేళ్లు. చిన్నతాత పొద్దునకు గానీ చేరలేడని రాత్రంతా మధ్య గదిలోనే ఉంచారు. తల దగ్గర దీపం. పెద్దవాళ్లు అలిసి ఎక్కడివాళ్లక్కడ ఒరిగారు. నేను, మీ మామయ్య మేలుకుని ఉన్నాం. దీపం కదిలినప్పుడల్లా నాయిన ఛాతీ కదిలినట్టే కనబడేది. నేను మామయ్య చెయ్యి వదల్లేదు. నాలుగింటికి గూట్లో అలారం మోగింది. నాయిన పాలకు పోవడానికి రోజూ పెట్టుకునేదే, ఆపాలని ఎవరికీ తోచలేదు. మామయ్య అదిరిపడి, అలవాటుకొద్దీ "లేస్తున్నా నాయినా" అన్నాడు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నవ్వొచ్చింది. ఆపుకుంటే ఇంకా వచ్చింది. "నవ్వకే, ఎవరన్నా చూస్తరు" అంటూ వాడే నవ్వాడు. తర్వాత ఏడ్చాం. ఆ నవ్వు తప్పనుకుని ఏళ్ల తరబడి దాచుకున్నాను. ఆ నవ్వే రాకపోతే ఆ గదిలో నేను తెల్లారేదాకా కూర్చోగలిగేదాన్ని కాదు. ఆ వయసులో నీ కథలాంటిది ఒక్కటి నా చేతికి అందితే ఎంత బాగుండేదో.

నీ పుస్తకం చదవబోయేది పదిహేను, పదహారేళ్ల పిల్లలు. చావు ఏమిటో అప్పుడప్పుడే తెలిసే వయసు. వాళ్లకు నవ్వు లేని భయం ఇవ్వకు.

ఆరో అధ్యాయం మాత్రం మార్చు. వార్డెన్ బాత్‌రూంలో సబ్బు మీద కాలేసి జారిపడటం నాకు నచ్చలేదు. అక్కణ్ణుంచి పది పేజీలదాకా ఆమె వస్తే నాకు భయం వెయ్యలేదు. పిల్లలు నవ్వాలి, ఆమె నవ్వులపాలు కాకూడదు. తనను చూసి ఎవరైనా నవ్వుతారని ఆమెకు తోచనే తోచదు. ఆమె ధ్యాసంతా హాజరు పట్టీ మీదే. ప్రాక్సీ మాట దగ్గర నువ్వు చేసింది సరిగ్గా ఇదే. నవ్వి ఊపిరి వదిలానో లేదో, పట్టీలో పేజీ దానంతటదే తిరిగింది. మళ్లీ గుండె గుభేల్మంది.

పద్దెనిమిదో పిల్ల ఎవరో నాకు ముందే చెప్పకు. కానీ వార్డెన్ ఆ పేరు దగ్గర ప్రతిసారీ కాస్త ఆగుతుందని రాశావు కదా, రెండోసారి చదివినప్పుడు అక్కడ నాకు కళ్లు చెమర్చాయి. ఆ పిల్ల ఒక రాత్రి గదికి రాలేదా? ఆమె అప్పటినుంచీ ఎదురుచూస్తోందా? అదే అయితే ఆ మాట వార్డెన్ నోట చెప్పించకు. అలా ఆగనియ్యి, చాలు.

ఏడో అధ్యాయం అవగానే పంపు. మామయ్యకు కూడా చదివి వినిపిస్తాను.

అమ్మ