నిన్నటి వాదనకి నా జవాబు

అందరికీ నమస్తే. నిన్న రాత్రి ఆఫ్రికా దేశాలు బాగుపడటానికి సిద్ధాంతం ముఖ్యమా, ఆచరణ ముఖ్యమా అని గ్రూపులో గొడవ జరుగుతుంటే నిద్రపోయాను, సారీ. పొద్దున్నే మొత్తం చదివాను. "సోషలిజమే ఆఫ్రికాని ముంచింది" అని ఒక్క మాటలో తేల్చేయడం నాకు నచ్చలేదు.

టాంజానియానే చూడండి. 1967లో అరుషా ప్రకటనతో సోషలిజం దారి పట్టింది, అప్పటి అధ్యక్షుడు నైరేరే నిజాయితీపరుడే, ఆయన హయాంలో అక్షరాస్యత బాగా పెరిగింది కూడా. కానీ 1973 తర్వాత 'ఉజమా' (అందరూ ఒక కుటుంబంలా కలిసి బతకాలన్న నైరేరే సోషలిజం) పేరుతో చెల్లాచెదురుగా ఉన్న రైతుల్ని కొత్త ఊళ్లకి బలవంతంగా తరలించారు, కొన్నిచోట్ల వెనక్కి రాకుండా పాత ఇళ్లు తగలబెట్టారు. ఇల్లు ఒకచోట, పొలం ఎక్కడో మైళ్ల దూరంలో, పార భుజాన వేసుకుని రోజూ అంత నడక నడిచేవాడికి ఇక సాగు మీద ఆసక్తి ఏముంటుంది? కరువూ తోడైంది, ధాన్యం దిగుమతి చేసుకోవాల్సి వచ్చింది.

ఇక బోట్స్వానా. అందరూ దాన్ని 'ప్రాక్టికల్' అంటారు, నిజమే, వజ్రాల గనుల్లో డీబీర్స్ అనే విదేశీ కంపెనీని తరిమేయలేదు, బేరమాడి 50 శాతం వాటా తీసుకున్నారు. అయితే ఖనిజాలు తెగలవి కావు, దేశానివి అని 1967లోనే చట్టం చేశారు, ఒరాపా అనే చోట వజ్రాలు దొరికింది అప్పటి అధ్యక్షుడు సెరెత్సే ఖామా సొంత తెగ ప్రాంతంలోనే! అది సిద్ధాంతం కాదంటారా? (అక్కడ అసమానతలు ఇప్పటికీ దారుణమే, అది వేరే కథ.)

ఘనా గురించి అన్నయ్య రాస్తానన్నారు, అక్కడ వోల్టా నది మీద కట్టిన అకొసొంబో ఆనకట్ట సంగతి మాత్రం వదిలేయకండి.